మీ కోత, మా కోత

నా పెళ్ళి విందుకి కోడెను నాన్న తన చేత్తోనే కోస్తాడన్న కబురు తెలిసీ తెలియగానే మా అన్న తౌఫీక్ తను కాపురం ఉండే బ్నేయ్ బ్రాక్ ఊరి నుంచి బస్సెక్కి వచ్చేశాడనీ, గుమ్మంలో కాలు పెడుతూనే "నీతో ఒక మాటుంది, అమ్మ చెవిన పడకూడదు" అన్నాడనీ కిందటి వారం చెప్పాను.

ఇప్పుడే ఈ కథలోకి వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు. మాది యెరూషలేములో నహ్లావోత్ పేట. అలెప్పో నుంచి వచ్చిన యూదులం. మా నాన్న మురాద్ హమ్వీ షోహెత్. అంటే పశువును మా ధర్మం చెప్పినట్టు కోసి, కోశాక దాని ఊపిరితిత్తిని తడిమి చూసి, ఇది తినొచ్చు, ఇది తినకూడదు అని తేల్చే మనిషి. అన్నని చిన్నప్పుడే పోలండు వైపు నుంచి వచ్చిన అష్కెనాజీల గురుకులంలో వేశారు. మంచి చదువు వస్తుందని అమ్మే పోరుపెట్టి పంపింది. చదువైతే వచ్చింది. కొడుకే మళ్ళీ రాలేదు. నల్ల టోపీ పెట్టాడు, నల్ల కోటు తొడిగాడు, తౌఫీక్ అన్న పేరు తీసేసి టూవియా అని పెట్టుకున్నాడు, వాళ్ళ పిల్ల పెసియాని చేసుకున్నాడు. మాలో మొదటి ఆడపిల్లకి బతికున్న నాయనమ్మ పేరు పెట్టడం ఆనవాయితీ. బహియా అనే తన పేరున్న మనవరాలి కోసం అమ్మ వెండి గాజులు చేయించి ఉంచింది. పిల్ల పుట్టింది, బతికున్నవాళ్ళ పేరు వాళ్ళలో పెట్టరట, హెన్యా అన్నారు. గాజులు బీరువాలోనే ఉండిపోయాయి.

అయినా అమ్మకి ఒక్క గొప్ప మిగిలింది. ఏది తినొచ్చో తేల్చి ముద్ర వేసే వాళ్ళ పెద్ద ధర్మసభలో తన కొడుకు షోహెత్ అయ్యాడని. కూరగాయల కొట్టు దగ్గర, నీళ్ళ పంపు దగ్గర, గుడి మెట్ల మీద, ఎక్కడ నలుగురు ఆడవాళ్ళు కలిసినా ఆ మాట రాకుండా ఉండదు.

ఇక ఆ రోజు సంగతి.

మా వాకిలి నాలుగిళ్ళకి ఉమ్మడి. దండెం మీద ఎవరివో దుప్పట్లు ఆరుతున్నాయి. అన్న నన్ను వాటి చాటుకి తీసుకెళ్ళాడు. నా మొహం చూడకుండా దుప్పటి అంచు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆదేల్, విందు వంట బయటివాళ్ళకి ఇచ్చేద్దాం."

"ఎవరికి?"

"మా దగ్గర ఒకతను ఉన్నాడు. గిన్నెలూ గరిటెలూ అన్నీ తనవే తెచ్చుకుంటాడు. మాంసం, కోడి అన్నీ మా ధర్మసభ ముద్రతో వస్తాయి. అతనితో మాట్లాడేశాను కూడా."

"మరి నాన్న కోడె?"

"ఆ మాటే నువ్వు నాన్నకి చెప్పాలి."

"నేనా?"

"పెళ్ళికూతురివి. నీ మాట కాదనడు. సరదాగా అడిగినట్టు అడుగు. స్నేహితురాళ్ళందరూ అలాగే చేయించుకుంటున్నారు, నాకూ అలాగే కావాలి అను. నా పేరు రానివ్వకు."

నేను దుప్పటి పక్కకి లాగాను, వాడి మొహం కనపడేలా. గడ్డంలో అప్పుడే తెల్ల వెంట్రుకలు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని కోట గోడ దాకా పరిగెత్తిన మనిషి.

"నాన్న కోతలో తప్పేముంది, అన్నయ్యా?"

"తప్పేమీ లేదు."

"మరి?"

"నీకు అర్థం కాదు."

"నన్ను అబద్ధం ఆడమంటున్నావు. కనీసం ఎందుకు ఆడుతున్నానో తెలియాలి కదా."

పక్కింటి సారీన్ పిన్ని బక్కెట్టు తీసుకుని వచ్చి, మమ్మల్ని చూసి, అన్న గడ్డాన్ని చూసి తలగుడ్డ సర్దుకుని లోపలికి పోయింది. అప్పుడు చెప్పాడు.

హెన్యాని పై బడిలో వేయాలి. అక్కడ ఆ బడి మారిపోతే పిల్ల తలరాతే మారిపోతుంది. మంచి బడి అయితే మంచి సంబంధం, లేకపోతే ఎవరికీ అక్కరలేని సంబంధం. మావైపు ఇంటిపేరున్న పిల్లలకి ఆ బడిలో ఇచ్చే సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బడి కమిటీలో పెసియా మేనమామ గెర్షోన్ ఉన్నాడు కాబట్టి హెన్యా పేరు పరిశీలనలోకైనా వచ్చింది. కమిటీ ఆడవాళ్ళు ఇంటికి వచ్చి వంటిల్లు చూశారు. మాంసం మీద ఏ ముద్ర ఉందో చూశారు. చూసి, పిల్ల తాతగారి ఇంట్లో ఏం తింటుందని అడిగారు.

"నువ్వేం చెప్పావు?"

"తాతగారింట్లో మేమెవరం తినమని చెప్పాను."

"పెళ్ళికి నీతో పాటు ఆ మేనమామ కూడా వస్తున్నాడు."

"వస్తున్నాడు. రాకుండా నేను ఆపలేను. ఆయన ఎదురుగా నేను నాన్న కోసింది తింటే ఆ సీటు పోయినట్టే. తినకుండా కూర్చుంటే నాన్న తల ఊరందరిలో దించినట్టే. అందరికీ ఒకే వంట, మా ముద్రతో వస్తే ఎవరికీ ఏ బాధా ఉండదు."

"నాన్న చేతిని నువ్వు నమ్మవా?"

"ఆ చేతిని నమ్మకపోతే ఈ లోకంలో ఇంక ఎవరిని నమ్ముతాను, ఆదేల్? నమ్ముతానని వాళ్ళకి తెలియకూడదు. అంతే."

ఇంత తేలిగ్గా అన్నాడు ఆ మాట. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు. నాకు కోపం రావడానికి కూడా కొంచెం సమయం పట్టింది.

"నువ్వు కత్తి తీసుకొచ్చి నా చేతికిస్తున్నావు. నాన్న మెడ నన్ను కోయమంటున్నావు. ఇంతకాలం నేర్చుకున్నావుగా, నువ్వే కొయ్యి."

వాడు ఆ మాటకి ఉలిక్కిపడ్డాడు. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు నాకు.

లోపల్నుంచి అమ్మ పిలిచింది. "పొద్దుట్నించి ఆకలితో ఉన్నవాణ్ణి వాకిట్లో నిలబెట్టి ఏం కబుర్లే నీకు? వాణ్ణి లోపలికి రానీ."

అమ్మ తెల్లారకముందే లేచి వండింది. పుల్ల చెర్రీలతో మాంసపు ఉండలు, ద్రాక్షాకుల చుట్టలు, సేమ్యా కలిపి వేయించిన అన్నం. బల్ల మీద ఖాళీ లేదు. అన్న తన సంచీలోంచి ఒక కాగితం పళ్ళెం తీశాడు. ఒక నారింజపండు, సీలు వేసిన బిస్కెట్ల పొట్లం తీసి దాంట్లో పెట్టుకున్నాడు. అమ్మ చూసింది. చూడనట్టు ఉందామని ప్రయత్నించింది, చేతకాలేదు.

"తౌఫీక్, ఒక్క మాట నాన్నా. మొన్న అంగట్లో కొత్త గిన్నె కొన్నాను. కాగితం కూడా విప్పలేదు. అందులో కాసిని అన్నం విడిగా ఉడకేస్తాను. మాంసం వద్దులే. వట్టి అన్నం."

"పొయ్యి పాతదే కదమ్మా."

అమ్మ పొయ్యి వైపు చూసింది. అదేదో తనకి తెలియకుండా ఎవరో తెచ్చి పెట్టినట్టు చూసింది. "అవును. పొయ్యి పాతదే" అంది.

అప్పుడే నాన్న వచ్చాడు. కత్తుల పెట్టె చంకలో ఉంది. దాన్ని ఎప్పట్లా గూట్లో పెట్టి, చేతులు కడుక్కుని, కొడుకు తల మీద చెయ్యి వేసి దీవించి, ఆ పక్కనే కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మొహం వాడిపోయి ఉంది.

"కోడె పోయింది" అన్నాడు.

అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "చచ్చిపోయిందా?"

"చచ్చిపోవడం కాదే. నేనే కోశాను. కోత బాగానే పడింది. ఊపిరితిత్తి నున్నగా లేదు. చెయ్యి పెట్టి తడిమితే పక్కటెముకకి అంటుకుని ఒక అతుకు తగిలింది. సన్నది, సాలీడు దారమంత. అయినా అతుకు అతుకే. బెత్లెహేములో మనవాడు కాని కసాయికి ఇచ్చి పంపేశాను. ఇంకో కోడెను చూశాను, రేపు కోస్తాను."

అన్న బిస్కెట్టు తుంచుతున్నవాడు ఆగాడు. గురుకులంలో చదివినవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. ఎక్కడ శాస్త్రం మాట వినపడినా నోరు ఆగదు.

"ఎలాంటి అతుకు నాన్నా? వేళ్ళ మధ్య మెల్లిగా పిసికితే ఊడొచ్చేదా?"

"ఊడొచ్చేదే."

"గాలి ఊదీ, నీళ్ళలో ముంచీ చూస్తే బుడగ వచ్చేదా?"

"బుడగ దాకా నేను వెళ్ళలేదు. అతుకు తగిలాక మాకు ఇంక చూడ్డానికి ఏముంది?"

"మా దగ్గర అయితే అది..." అని ఠక్కున ఆపేశాడు.

కానీ మాట బయటపడిపోయింది. నాన్న చెంచా కింద పెట్టాడు.

"మీ దగ్గర అయితే?"

"ఏం లేదు నాన్నా."

"చెప్పరా. మీ దగ్గర అయితే దాన్ని పిసికి, ఊడబీకి, నున్నటిదే అని ముద్ర కొట్టి అమ్ముతారు. అంతేగా?"

"అది మా పెద్దలు చెప్పిన పద్ధతి. ఊరికే వచ్చింది కాదు. దానికీ ఆధారాలున్నాయి."

"ఉంటాయి. నేను కాదన్నానా? మీ పెద్దలు మీకు చెప్పారు, మా పెద్దలు మాకు చెప్పారు. మీరు తినేది నేను తప్పనలేదు. నాకు మాత్రం వద్దంటాను. పోయినేడు నువ్వు పండక్కి పంపిన మాంసం పొట్లం ఏమైందో తెలుసా? మీ అమ్మ సారీన్ ఇంట్లో పిల్లికి వేసింది."

"మురాద్," అంది అమ్మ. "ఇప్పుడెందుకు అది?"

"వాడికి తెలియనీ. మనకీ వద్దనే నోరు ఉందని తెలియనీ." అప్పుడు నాన్న దృష్టి కాగితం పళ్ళెం మీద పడింది. నారింజపండు చూశాడు. బిస్కెట్లు చూశాడు. అమ్మ చేసిన వంటంతా చూశాడు. ఆ తరువాత చాలా మామూలుగా అడిగాడు. "అన్నం పెట్టుకోలేదేం?"

అన్న చెయ్యి బిస్కెట్ల పొట్లం మీదే ఉంది.

"నా కోత తినవా, తౌఫీక్?"

"నాన్నా, నువ్వు కోసిన దాంట్లో నాకు అనుమానం లేదు. నీ చెయ్యి దాటాక ఎవరు చూస్తున్నారు, చెప్పు. లారీలో ఎవరున్నారు? కొట్లో మన ముక్క పక్కన ఇంకెవరి ముక్క వేలాడుతోంది? కొట్టువాడు మంచివాడే అంటావు. మంచివాడని అనుకోవడం వేరు, చూడ్డం వేరు. మా దగ్గర కబేళా నుంచి గిన్నె దాకా ఒక మనిషి కళ్ళు దాని మీదే ఉంటాయి. నువ్వు నమ్మకం మీద తింటావు. మేము చూసి తింటాం."

నాన్న చూపు గూట్లో ఉన్న కత్తుల పెట్టె మీదకి పోయింది. నాకు తెలుసు ఎందుకో. కొట్టు నడిపే షాబెతాయ్ విషయంలో నాన్నకే లోపల ఒక గుబులు ఉండేది. ముక్కలు కలిసిపోతున్నాయేమోనని అమ్మతో ఒకసారి అనగా విన్నాను. అన్న సరిగ్గా ఆ పుండు మీదే వేలు పెట్టాడు. దెబ్బ తిన్న మనిషి ఎదుటివాడి మెత్తటి చోటు వెతుక్కుంటాడు. నాన్న కూడా అదే చేశాడు.

"చూసి తింటారు. ఏం చూస్తారురా మీరు? చిన్నప్పుడు నీ ఒళ్ళంతా ఈ ఇంటి తిండే. ఈ పొయ్యి మీద వండినదే తిని ఇంతవాడివయ్యావు. ఆ తిండి అంతా ఇప్పుడు అపవిత్రమేనా? అయితే నీ ఎముకలు కూడా పీకి కొత్తవి పెట్టించుకో. పేరు మార్చుకున్నావుగా, ఎముకలు ఒక లెక్కా?"

"అపవిత్రం అని నేను అనలేదు."

"మీ అమ్మ పేరు కూతురికి పెట్టనివాడివి. నువ్వు అనక్కరలేదు."

అన్న కళ్ళు మూసుకున్నాడు. అమ్మ గబగబా ఖాళీగా ఉన్న గ్లాసులన్నిటిలో నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. నిండిన గ్లాసులో కూడా పోసింది. బల్ల మీద నీళ్ళు పారాయి.

నాన్న నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, వీడు నిన్ను వాకిట్లో చాటుకి తీసుకెళ్ళాడని సారీన్ చెప్పింది. ఏం అడిగాడు?"

అన్న కళ్ళు తెరిచి నన్ను చూశాడు. బతిమాలుతున్నాడు. నాకు తెలుస్తూనే ఉంది. కానీ నీళ్ళు తుడుస్తున్న అమ్మ చేతులు చూశాక ఇంక వాడి కోసం అబద్ధం ఆడటానికి నాకు నోరు రాలేదు.

"విందు వంట వాళ్ళ ముద్ర ఉన్నవాడికి ఇవ్వాలంట నాన్నా. అది నా కోరిక అన్నట్టు నేను నీకు చెప్పాలంట."

"ఎందుకంట?"

అదీ చెప్పాను. బడి, సీటు, వంటిల్లు చూసిన ఆడవాళ్ళు, తాతగారింట్లో తినమని చెప్పిన జవాబు, పెళ్ళికి రాబోతున్న మేనమామ, అన్నీ. అమ్మ గుడ్డ పిండుతూ పిండుతూ ఆగిపోయింది. హెన్యా పేరు వచ్చినప్పుడు మాత్రం ఆవిడ పెదవులు కదిలాయి.

నాన్న అరుస్తాడనుకున్నాను. బల్ల తిరగేస్తాడేమో అని కూడా అనుకున్నాను. ఆయన అవేమీ చేయలేదు. ఆలోచించాడు. కబేళాలో ఊపిరితిత్తి మీద వేళ్ళు ఆడించేటప్పుడు కళ్ళు ఎలా సగం మూసుకుంటాయో అలాగే సగం మూసుకుని కాసేపు కూర్చున్నాడు.

"దానికి ఇంత రాద్ధాంతం ఎందుకు?" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. "దారి ఉంది. రేపటి కోడెను నువ్వు కొయ్యి."

అన్న అర్థం కానట్టు చూశాడు.

"నువ్వు వాళ్ళ ధర్మసభ షోహెత్‌వి. నీ కోతకి వాళ్ళు ఏం వంక పెడతారు? నువ్వు కొయ్యి. ఊపిరితిత్తి నేను చూస్తాను. మీ లెక్కకి మీది సరిపోయింది, మా లెక్కకి మాది సరిపోయింది. మాంసం కొట్టుకి వెళ్ళక్కరలేదు. కబేళా నుంచి నేరుగా ఇక్కడికి తెద్దాం, నువ్వు కళ్ళు పెట్టుకుని పక్కనే కూర్చో. కొత్త గిన్నెలు కొందాం, కొత్త పొయ్యి కొందాం. ఆ మేనమామ వస్తాడు, అల్లుడి చేతి కోత అని తింటాడు. ఇక్కడివాళ్ళు నేను చూశానని తింటారు. ఏమంటావు?"

అమ్మ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "అదే. అదే నేనూ అనుకుంటున్నాను" అంది. ఆవిడ అలాంటిదేమీ అనుకోలేదు. అయినా ఆ క్షణంలో అందరం బతికి బయటపడ్డామనిపించింది. నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను. ఇద్దరూ ఒకే పశువు దగ్గర నిలబడతారు. తండ్రీ కొడుకూ. ఇంతకంటే నా పెళ్ళికి ఏం కావాలి?

అన్న మాత్రం కదల్లేదు.

"ఏరా?" అన్నాడు నాన్న.

"అది కుదరదు నాన్నా."

"ఎందుకు కుదరదు?"

"నేను కోస్తే వాళ్ళు తినరు."

"నువ్వు వాళ్ళ షోహెత్‌వి కదరా."

అన్న నారింజపండు చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. మాట్లాడినప్పుడు గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే నేను ముందుకి వంగవలసి వచ్చింది.

"వాళ్ళు నా చేతికి కత్తి ఇవ్వలేదు."

బయట ఎవరో పావురాలకి గింజలు జల్లుతున్నారు. ఆ చప్పుడే వినపడుతోంది.

"పరీక్షలన్నీ నెగ్గాను. కత్తి పదును పెట్టి చూపించమన్నారు, చూపించాను. గోటి మీద నడిపి చూసి నీ చెయ్యి చాలా మంచిది అన్నారు. అందరికంటే మంచిది అన్నారు నాన్నా, అబద్ధం కాదు. తరువాత చూద్దాం అన్నారు. నాతో చదివినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఇచ్చారు. నా తరువాత వచ్చినవాళ్ళకీ ఇచ్చారు. ఒకరోజు పెద్దాయన్ని అడిగాను. ఆయన మంచిగానే చెప్పాడు. నాయనా, నీలో లోపం లేదు, కానీ నీ కోత అని తెలిస్తే కొనేవాళ్ళు వెనకాడతారు, వాళ్ళ మనసులో లేనిపోని అనుమానం ఎందుకు, అన్నాడు."

"మరి రోజూ కబేళాకి వెళ్తున్నావు కదా" అంది అమ్మ.

"వెళ్తాను. వాళ్ళు కోస్తారు. కోసిన దాని కాళ్ళకి నేను సీసపు ముద్రలు కొడతాను. అదీ నా పని."

"నేను సారీన్‌కి చెప్పానే" అంది అమ్మ. ఎవరితోనూ కాదు, ఊరికే. "గుళ్ళో అందరికీ చెప్పానే."

నేను వాడి చేతుల వైపు చూశాను. బొటనవేలు పక్కన చర్మం నల్లగా గట్టిపడి ఉంది. పట్టకారు పట్టీ పట్టీ వచ్చిన కాయ. ఇన్నాళ్ళూ వాడు వచ్చినప్పుడల్లా ఆ చేతులు కోటు జేబుల్లో ఎందుకుండేవో అప్పుడు తెలిసింది.

నాన్న అన్నాడు. "అయితే వాళ్ళు నా కోతా తినరు, నీ కోతా తినరు."

"తినరు."

"నా కోత తినరంటే సరే, నేనెవరో వాళ్ళకి తెలియదు. మరి నీది?"

"నేనెవరో వాళ్ళకి తెలుసు" అన్నాడు అన్న.

నాన్న మొహంలో నేనెప్పుడూ చూడనిదొకటి చూశాను. జాలి కాదది. తను పెంచిన పశువును ఎవరో దొంగతనంగా తోలుకుపోయి, పని చేయించుకుని, కడుపుకి పెట్టకుండా వదిలేస్తే చూసిన మనిషి మొహం.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదురా?" అంది అమ్మ. "అంత అన్నాక ఆ రోజే వచ్చెయ్యలేకపోయావా? మీ నాన్న పక్కన నిలబడేవాడివి."

"నాకు వెనక్కి రావడానికి దారి ఉందమ్మా. హెన్యాకి లేదు. దానికి తెలిసిన ఊరు అదే, తెలిసిన మాట అదే. ఇక్కడికి తీసుకొస్తే మీ మాట కూడా దానికి సగం అర్థం కాదు. దాన్నైనా వాళ్ళు పూర్తిగా తమలో కలుపుకోవాలి. నేను సగంలో నిలబడిపోయాను. అది నిలబడిపోకూడదు."

"కలుపుకుంటారనుకుంటున్నావా?" అన్నాడు నాన్న.

అన్న బిస్కెట్టు ముక్కని పళ్ళెం అంచుకి జరిపాడు.

నాన్న లేచాడు. గూట్లోంచి కత్తుల పెట్టె తీసి తెచ్చాడు. వంట గిన్నెలు పక్కకి జరిపి కొడుకు ముందు పెట్టాడు. అలెప్పో నుంచి తాత చేత పట్టుకుని వచ్చిన పెట్టె అది. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడానికి నాన్న ఒప్పుకోడు. సబ్బాతు ముందు దులపడానికి అమ్మకి కూడా ఇవ్వడు.

"నీకు మీసం మొలిచిన ఏడు, సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు, మన రబ్బీ నీకు అనుమతి ఇచ్చాడు. నేను నేర్పాను, ఆయన చూశాడు, ఇచ్చాడు. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. రేపు కోడెను నువ్వు కొయ్యి."

"ఎవరి కోసం నాన్నా? తినేది ఎవరు?"

"నేను తింటాను."

అన్న తల ఎత్తలేదు. గడ్డం మీద నుంచి ఒక చుక్క జారి కాగితం పళ్ళెంలో పడింది. వాడు చెయ్యి చాపి పెట్టె మూత మీద పెట్టాడు. ఒట్టు పెట్టేవాడిలా అరచెయ్యి మొత్తం ఆనించాడు. నల్లగా కాయకాచిన ఆ బొటనవేలు కొక్కెం మీదకి జరిగింది. నాన్న చూస్తున్నాడు. అమ్మ చూస్తోంది.

"టూవియా."

గుమ్మంలో పెసియా నిలబడి ఉంది. వాళ్ళ బంధువుల ఇంటికి ఏదో పని మీద వచ్చామనీ, తిరుగు ప్రయాణంలో కారులో ఎక్కించుకుంటామనీ అన్నకి ముందే చెప్పి ఉంచిందట. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. మా వదిన చెడ్డ మనిషి కాదు. అత్తగారికి నమస్కారం చెప్పింది. నాకు పెళ్ళి శుభాకాంక్షలు చెప్పింది. గడప మాత్రం దాటలేదు. బల్ల మీద వంటని, పెట్టెని, పెట్టె మీద మొగుడి చేతినీ చూసింది.

"మామయ్య సందు చివర కారులో ఉన్నారు," అంది నెమ్మదిగా. "ఎల్లుండి కమిటీ కూర్చుంటుందట. హెన్యా సంగతి తనే ఎత్తుతానన్నారు. ఒక్క ముక్క అడిగి రమ్మన్నారు, అంతే. నువ్వు ఇక్కడేమైనా తిన్నావా అని."

ఆవిడకి జవాబు తెలుసు. కాగితం పళ్ళెం ఎదురుగానే ఉంది. లేదని ఒక్క మాట అంటే చాలు, అది నిజం కూడా. లేదు అని వాడు అంటాడనే అందరం అనుకున్నాం. అమ్మ అయితే వాడి తరఫున తనే చెప్పడానికి నోరు తెరిచింది. "లేదమ్మా, పాపం వాడు..." అంటూ ఉండగానే అన్న పెట్టె మీద నుంచి చెయ్యి తీయకుండా వెనక్కి తిరిగాడు.

"తిన్నానని చెప్పు" అన్నాడు.

పెసియా మొహంలో రక్తం లేదు. "టూవియా, నువ్వు ఏం అంటున్నావో..."

"తౌఫీక్ వాళ్ళ నాన్న కోసింది కడుపు నిండా తిన్నాడని చెప్పు. వెళ్ళి చెప్పు."

అప్పటికి వాడు మా ఇంట్లో ఒక్క మెతుకు ముట్టలేదు. ఆవిడ కదలకుండా నిలబడిపోయింది. సందు చివర కారు తలుపు తెరుచుకుని, మూసుకున్న చప్పుడైంది. ఆ తరువాత రాళ్ళ మీద చేతికర్ర పోటు, ఒక ముసలాయన నిదానంగా మా వాకిలి వైపు నడిచి వస్తున్న అడుగులు వినపడ్డాయి.